మొదటి నీళ్ళు

జనవరి 6

మోకాలి ఆపరేషన్ బాగానే అయింది. తేడా వచ్చింది ఉద్యోగంలోనే. ఇవాళ తిరిగి చేరితే డైరెక్టరు గారు కుర్చీ వేయించి మరీ చెప్పారు. "ఇక మీరు ఇల్లిల్లూ తిరిగి నీళ్ళు పట్టడం, ల్యాబులో గంటల తరబడి నిలబడడం వద్దు మేడం. రిపోర్టులు రాసే బల్ల దగ్గర కూర్చోండి, సుఖంగా ఉంటుంది" అని.

ఈ నీటి పరీక్షల ల్యాబులో ఇరవయ్యారేళ్ళు. అందులో ఇరవై ఏళ్ళు క్రిముల విభాగం. నేను పట్టిన నీళ్ళు ఒక్కసారి కూడా పాడైపోయాయని వెనక్కి రాలేదు. నీళ్ళు పట్టడమంటే నా తర్వాతే ఎవరైనా అని కొత్తవాళ్ళకి చెప్పేవారు. అలాంటిదాన్ని తీసుకెళ్ళి కాగితాల ముందు కూలేశారు. సుఖమట.

ఇంటికొచ్చి చెబితే ఈయన నవ్వారు. "నీ మోకాలు సరే, నువ్వు రాసింది చదివేవాళ్ళకి ఏ ఆపరేషన్ చేయించాలో" అన్నారు. ముప్పై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసిన మనిషి. నోరు మాత్రం ఏ అంతస్తులోనూ ఆగదు.

జనవరి 8

రాత బల్లకి అధికారిణి ఒకమ్మాయి. ఇరవయ్యేడేళ్ళు. ఇదివరకు పత్రికలో ఆటల వార్తలు రాసేదట. రిపోర్టులు జనానికి అర్థం కావడం లేదని పైనుంచి మొట్టికాయలు పడితే డైరెక్టరు గారు ఈ పిల్లని తెచ్చి పెట్టారు.

నా చేతికిచ్చిన పని పాత కాలనీ రిపోర్టు. అక్కడ అరవై ఇళ్ళకి ఇంకా సీసపు గొట్టాలే. వాటిలోంచి నీళ్ళలోకి లీటరుకి ఎన్ని మైక్రోగ్రాముల సీసం దిగుతోందో నిరుడు నవంబరులో పరీక్షించాం. లోహాల వాళ్ళకి మనుషులు చాలక నలభై ఒక్క ఇళ్ళకి నేను వెళ్ళాను, పంతొమ్మిది ఇళ్ళకి లోహాల విభాగం పొడుగాయన వెళ్ళాడు. సగటు 3.9. పరిమితి పది. నీళ్ళు మంచివి. ఫిబ్రవరి 28న నీటి సరఫరా వాళ్ళ మీటింగులో ఇదే చెబితే, గొట్టాలు మార్చే పని ఇంకో ఐదేళ్ళు ఆగొచ్చని వాళ్ళు తేల్చేస్తారు. ఇంతే సంగతి. దీనికి ఒక పేజీ చాలు, రాసి ఇచ్చాను.

అమ్మాయి అటూ ఇటూ తిప్పి చదివి, "మేడం, ఇందులో గెలిచిందెవరు?" అని అడిగింది.

సీసంలో గెలుపోటములేమిటి? పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ. ఈ డైరీలో ఈ పిల్ల పేరు ఇకనుంచి పిల్లకాకి.

జనవరి 13

పిల్లకాకి దగ్గర ఒక నియమం ఉంది. రిపోర్టు ఎవరి కోసమో వాళ్ళకి చదివి వినిపించాలి. విన్నవాళ్ళు తమ మాటల్లో తిరిగి చెప్పాలి. వాళ్ళు చెబుతున్నంతసేపూ రాసినవాళ్ళు నోరు విప్పకూడదు. "వాళ్ళు తప్పు చెప్పారంటే తప్పు మనదే మేడం" అంటుంది. ఇదెక్కడి గోల? పాఠం చెప్పినవాడికి పరీక్ష పెట్టడం ఎక్కడైనా ఉందా?

ముందు ఇంట్లో ఎవరికైనా వినిపించి రమ్మంది. ఇంట్లో ఉన్నది ఈయనొక్కరే. కూర్చోబెట్టి చదివాను: "అధ్యయన ప్రాంతమునందలి గృహవినియోగ జల నమూనాలలో సీసపు సాంద్రత యొక్క సగటు విలువ అనుమతించదగిన పరిమితికి లోబడి ఉన్నట్లు గమనించడమైనది."

"ఇప్పుడు మీరు తిరిగి చెప్పండి."

ఈయన కాసేపు ఆలోచించారు. "ఎవరో, ఎక్కడో, ఏదో గమనించారు. మనకేం సంబంధం లేదు. టీ పెట్టమంటావా?"

పెట్టమన్నాను. టీ బాగానే పెట్టారు, అది వేరే సంగతి.

జనవరి 17

ఇవాళ సగటు మీద గొడవ. నేను సగటు రాయకుండా రిపోర్టేమిటన్నాను. పిల్లకాకి అంది, "ఆటల్లో సగటు ఒక్కటే రాస్తే పాఠకులు తిడతారు మేడం. తొమ్మిది మ్యాచుల్లో సున్నా కొట్టి, పదోదాంట్లో వంద కొట్టినవాడి సగటు పది. వాడు ఏ రోజూ పది కొట్టలేదు."

చెప్పడానికి బాగానే ఉంది. నేను మాత్రం నోటు చేసుకోలేదు. ఇక్కడ రాశాననుకోండి, ఇది లెక్కలోకి రాదు.

జనవరి 20

ఒకే వాక్యం పదకొండుసార్లు రాశాను. పన్నెండోసారి రాసింది మొదటిదే.

జనవరి 24

మంచి రోజు.

నీళ్ళు ఎలా పట్టామో చెప్పే భాగం దగ్గర పిల్లకాకి మళ్ళీ అడ్డం పడింది. 'నమూనాలు ప్రామాణిక పద్ధతిలో సేకరించడమైనది' అని రాశాను. "నాకేమీ కనపడటం లేదు మేడం. నేను ఆ వంటింట్లో మీ పక్కన నిలబడాలి. మీ చేతులు ఏం చేస్తున్నాయో చూడాలి" అంది.

నా చేతుల గురించి అడిగితే నాకు మాటలకు కరువా? ఒక్క ఊపున రాసేశాను. "కుళాయి విప్పి మూడు నిమిషాలు నీళ్ళు వదిలేశాను. కట్టేసి, కుళాయి మూతిని చిన్న మంటతో కాల్చాను. చల్లారాక మళ్ళీ విప్పి, కొత్త బాటిల్ నిండా పట్టి, గాలి చొరకుండా మూత బిగించాను. ఇలా నలభై ఒక్క ఇళ్ళలో చేశాను."

పిల్లకాకి చదివి, ఇంకోసారి చదివి, "ఇప్పుడు కనపడింది" అంది. తీసుకెళ్ళి డైరెక్టరు గారికి కూడా చూపించింది. ఆయన తలుపు దగ్గర నిలబడి "మీలో రచయిత్రి ఉంది మేడం" అన్నారు. పొడుగాయన సెలవులో ఉన్నాడు, లేకపోతే ఆయనకీ చదివించేదాన్ని. దారంతా ఆ నాలుగు వాక్యాలూ నెమరేసుకుంటూ ఇంటికొచ్చాను. రాయడంలో ఇంత సరదా ఉందని ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు.

జనవరి 27

పిల్లకాకి, నేను పాత కాలనీకి వెళ్ళాం. చదివి వినిపించడానికి టైలరమ్మ ఇల్లు ఎంచుకున్నది నేనే. వీధి వైపు గదిలో మిషన్ పెట్టుకుని కుడుతుంది. మాట నేరుగా ఉంటుంది. నవంబరులో ఆ ఇంట్లో నీళ్ళు పట్టింది నేనే. అప్పటికి వాళ్ళ పాపకి రెండు నెలలు. తల్లిపాలు చాలక పాలపొడి కలిపి పడుతున్నారు. ఆపరేషన్‌కి ముందు ఫలితాల చీటీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు "ఈ నీళ్ళు పాపకి పట్టొచ్చా అమ్మా?" అని అడిగింది. 1.8 అన్న అంకె చూపించి, "నిక్షేపంగా పట్టు" అన్నాను.

పాప ఇప్పుడు బొద్దుగా ఉంది. కత్తిరించిన గుడ్డముక్కలు నోట్లో పెట్టుకుంటూ బోర్లా పడుకుని ఉంది. నేను రిపోర్టు చదివాను. టైలరమ్మ మిషన్ ఆపి విన్నది. విని, తిరిగి చెప్పింది.

"అంటే, కుళాయి మూడు నిమిషాలు వదిలేసి, మూతి కాల్చి, ఆ తర్వాత పట్టిన నీళ్ళు మంచివి. అంతేనా? కానీ అలా ఎవరు పడతారండీ. మూడు నిమిషాలంటే రెండు బకెట్ల నీళ్ళు. పొద్దున్నే ఆరింటికి పాప ఏడుస్తుంటే కుళాయి తిప్పగానే వచ్చే మొదటి నీళ్ళే మరగబెడతాను నేను. రాత్రంతా గొట్టంలో ఉన్న నీళ్ళు. అవి కూడా మంచివేనా?"

పిల్లకాకి "మంచి ప్రశ్న" అని పుస్తకంలో రాసుకుంది. బయటికొచ్చాక "దీనికి జవాబు ఒక వాక్యం కలపండి మేడం" అంది.

వాళ్ళు చెబుతున్నప్పుడు రాసినవాళ్ళు నోరు విప్పకూడదన్నది నియమం. నేను విప్పలేదు.

జనవరి 28

మోకాలు సలుపుతోంది. సెలవు పెట్టాను.

జనవరి 29

బీరువా సర్దాను. ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్న పని. పై అరలో దుప్పట్లు కిందికి, కింది అరలోవి పైకి.

జనవరి 30

అసలు ఇలాంటి కాగితాలు రాసేవాళ్ళని అనాలి. లోహాల విభాగం వాళ్ళు నవంబరులో నాకిచ్చిన సూచనల కాగితం తీసి చూశాను. పద్నాలుగో వరుసలో ఉంది: "స్థిర జల నమూనా సేకరణ విధానము అనుసరించవలెను." స్థిర జలమంటే రాత్రంతా గొట్టంలో కదలకుండా నిలిచిన నీళ్ళని, కుళాయి వదలకుండా మొదటి చుక్క నుంచీ పట్టాలని మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది? క్రిముల పరీక్షకి కుళాయి వదలాలి, మూతి కాల్చాలి, అప్పుడే పట్టాలి. ఇరవై ఏళ్ళు నా చేతులు చేసింది అదే. ఆ చేతులకి అర్థమయ్యేలా ఒక్క ముక్క రాసి ఉంటే ఏం పోయేది?

కింద నా సంతకం ఉంది. సంతకం ఉన్నంత మాత్రాన చదివినట్టు కాదు.

తప్పు కాగితానిది.

జనవరి 31

సగటు 3.9. పరిమితి పది. సగటు 3.9.

ఫిబ్రవరి 1

ఆదివారం. పొద్దున ఈయన పేపరు చదువుతుంటే పట్టిక ముందేసుకుని కూర్చున్నాను. అరవై ఇళ్ళనీ రెండుగా విడదీశాను, ఇటు నావి, అటు పొడుగాయనవి. ఐదు నిమిషాల పని.

నా నలభై ఒక్క ఇళ్ళలో ఒక్కటి కూడా నాలుగు దాటలేదు. పొడుగాయన పంతొమ్మిదిలో ఐదిళ్ళు పది దాటాయి. 12, 14, 17, 22, 31. ఆయన లోహాల మనిషి, ఆయనకి తెలుసు మొదటి నీళ్ళే పట్టాలని. నేను ఆ మొదటి నీళ్ళని ప్రతి ఇంట్లోనూ మూడు నిమిషాలు నిలబడి మోరీలో పోశాను. సీసం ఉంటే వాటిలోనే ఉంటుంది. దాన్ని పారబోసి, లేదని రాశాను. పైగా రెండు పట్టికలనీ ఒక్కటి చేసింది కూడా నేనే. ఒకటే అయితే చూడడానికి పొందికగా ఉంటుందని. ఆ ఐదిళ్ళూ నా నలభై ఒకటిలో కలిసి 3.9 అయిపోయాయి.

తీరా కూర్చుని ఏం రాశానో కూడా దాచుకోను. "కొన్ని నమూనాల సేకరణ విధానములో స్వల్ప వ్యత్యాసము చోటుచేసుకున్నందున ఫలితములను తగు జాగ్రత్తతో పరిశీలించవలసి ఉన్నది." చేయి ఎక్కడా తడబడలేదు. రాసి, నియమం ప్రకారం ఈయనకి చదివాను.

ఈయన పేపరు మడిచారు. "చాలా బావుంది. ఇలాంటిది నేనూ ఒకటి రాశాను. మూడో అంతస్తు దగ్గర లిఫ్టు ఆగిపోయి ఒక పెద్దావిడ గంటన్నర లోపల ఇరుక్కుంది. 'సాంకేతిక కారణముల వలన అంతరాయము ఏర్పడినది' అని రిపోర్టు ఇచ్చాను. సాంకేతిక కారణం నేనే. ఒక బోల్టు బిగించడం మర్చిపోయాను."

"ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఎవరికీ చెప్పలేదు. ఆ వాక్యం ఉన్నది అందుకే కదా." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నీ సాంకేతిక కారణం ఏమిటి?"

చెప్పాను. టైలరమ్మ అన్నది కూడా చెప్పాను. ఈయన వేళాకోళం ఆడలేదు. "ఆ పాపకి పాలు ఎన్నింటికన్నావు?" అని అడిగారు.

"పొద్దున ఆరింటికి."

 నేనే లెక్కపెట్టాను. ఇరవయ్యెనిమిది, ఇరవైతొమ్మిది, ముప్పై, ముప్పయ్యొకటి, ఇవాళ. నేను బీరువా సర్దుకుంటూ కూర్చున్న ఐదు పొద్దులు. 

మధ్యాహ్నమే వెళ్ళాం ఇద్దరం. ఈయన తాగే నీళ్ళ క్యాన్ ఒకటి కొని భుజాన పెట్టుకున్నారు. టైలరమ్మ తలుపు తీసింది. నేను గుమ్మంలోనే నిలబడి చెప్పాను.

"అమ్మా, నేను నవంబరులో నీళ్ళు తప్పుగా పట్టాను. పాపకి ఆ నీళ్ళు మంచివన్నది తప్పు. మీ కుళాయి మొదటి నీళ్ళలో సీసం ఎంతుందో మాకు తెలియదు. ఎక్కువే ఉండొచ్చు. ఇప్పటినుంచి పాప పాలకి ఈ క్యాన్ నీళ్ళు వాడు. అయిపోతే మేం తెస్తాం."

"మరగబెట్టే కదండీ పడుతున్నాను."

"మరిగితే క్రిములు చస్తాయి. సీసం చావదు."

ఆవిడ పాపని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది. "మీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పడానికి చాలా వీలుంది ఆ ప్రశ్నలో. "నువ్వు అడిగిన రోజే" అన్నాను.

"ఐదు రోజులైంది."

"అవును."

క్యాన్ లోపలికి లాక్కుని తలుపు వేసేసింది. మళ్ళీ తీస్తుందేమోనని కాసేపు నిలబడ్డాం. తీయలేదు. తీయాల్సిన పనీ లేదు.

ఫిబ్రవరి 2

పిల్లకాకికి చెప్పాను. నా ముఖం కేసి చూసి, కుర్చీ నా పక్కకి లాక్కుని, "పదండి, పైకి వెళ్దాం" అంది.

డైరెక్టరు గారు చాలాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చున్నారు. మనిషి చెడ్డవాడు కాదు. ల్యాబు పరువు ఆయన నెత్తిన ఉంది. "మేడం, విధానపరమైన సవరణల దృష్ట్యా పునఃపరీక్ష చేపట్టడం జరుగుతోంది, అని రాద్దాం. తప్పు అనే మాట ఎందుకు?"

పిల్లకాకి వినయంగా, "సార్, ఇప్పుడు దాన్ని మీ మాటల్లో నాకు తిరిగి చెప్పండి" అంది.

ఆయన పెన్ను బల్ల మీద పెట్టేశారు. ఆఖరికి, "మెమో ఇవ్వక తప్పదు మేడం, మీ ఫైల్లో ఉంటుంది" అన్నారు నాతో. ఇరవయ్యారేళ్ళ ఫైలు. ఇచ్చుకోండి సార్ అన్నాను. బాధగా లేదని రాస్తే అది కూడా అసలు సంగతిని కప్పేసే ఇంకో పొగమంచు వాక్యమే అవుతుంది. బాధగానే ఉంది.

ఫిబ్రవరి 4

అరవై ఇళ్ళలో మళ్ళీ నీళ్ళు పట్టాలి. అందరి ఇళ్ళకీ తెల్లవారకముందే వెళ్ళి తలుపులు కొట్టలేం. బాటిళ్ళు పంచి, వాళ్ళచేతే పట్టిద్దామన్నాను. అయితే కాగితం మీరే రాయండి అంది పిల్లకాకి.

రోజంతా పట్టింది. చివరికి మిగిలింది ఇది. "రాత్రి పడుకునే ముందు కుళాయి కట్టేయండి. పొద్దున ఇంట్లో ఎవరూ నీళ్ళు ముట్టుకోకముందే ఈ బాటిల్ కుళాయి కింద పెట్టండి. అప్పుడు కుళాయి తిప్పండి. మొట్టమొదట వచ్చిన నీళ్ళే మాకు కావాలి, ఒక్క చుక్క కూడా పారబోయకండి."

ఆఫీసు కాపలా ఆయనకి, క్యాంటీను ఆవిడకి, ఈయనకి చదివి వినిపించాను. ముగ్గురూ సరిగ్గా తిరిగి చెప్పారు. ఈయన అదనంగా, "ఇది లిఫ్టులో అంటించినా జనం పాటిస్తారు" అన్నారు. ఈయన నోటినుంచి ఇంతకన్నా పెద్ద పొగడ్త ముప్పయ్యేళ్ళ కాపురంలో వినలేదు.

ఫిబ్రవరి 7

అరవై బాటిళ్ళు వచ్చాయి. యాభయ్యెనిమిది సరిగ్గా ఉన్నాయి. ఒక తాతగారు మాత్రం "మురికి బాటిల్‌లో ఇస్తే బాగోదని కుళాయి కింద బాగా కడిగి పట్టానమ్మా" అన్నారు. పక్కింటావిడా అంతే, ఆయన్ని చూసి కడిగింది. అంటే మొదటి నీళ్ళు మళ్ళీ మోరీకే. వాళ్ళ తప్పు కాదు. 'బాటిల్ కడగొద్దు' అని నేను రాయలేదు. ఆ మాట కలిపి, ఇద్దరికీ కొత్త కాగితం, కొత్త బాటిల్ ఇచ్చి వచ్చాను. తాతగారు నాకు కుర్చీ వేసి, తన మోకాలి కథంతా చెప్పారు. నాది ఆయనదాని ముందు ఎందుకూ పనికిరాదు.

టైలరమ్మ ఇంటి బాటిల్ గుమ్మం బయట పెట్టి ఉంది. లోపల మిషన్ చప్పుడు వినపడుతూనే ఉంది. పిలవలేదు.

ఫిబ్రవరి 14

ఫలితాలు. అరవై ఇళ్ళలో పదిహేడు పరిమితి దాటాయి. టైలరమ్మ ఇల్లు 26.

ఆ అంకెని నవంబరు 1.8 పక్కన రాసుకున్నాను. తర్వాత పొడుగాయన వచ్చి, "మూడు నిమిషాలు వదిలిన ఇళ్ళన్నిట్లో సీసం దిగిపోయింది మేడం, మీ నవంబరు అంకెలు తప్పేం కాదు, వేరే ప్రశ్నకి జవాబులు" అన్నాడు. ఓదార్చడానికే అన్నా, ఆ మాటలో పనికొచ్చేది ఉంది. కుళాయి వదిలితే సీసం తగ్గుతుందని చెప్పడానికి ఇప్పుడు నా నలభై ఒక్క బాటిళ్ళూ సాక్ష్యం. గొట్టాలు మార్చేదాకా జనం ఏం చేయాలో చెప్పొచ్చు. ఆ రెండు బకెట్లూ పారబోయనక్కర్లేదు, గిన్నెలు తోముకోవచ్చు, నేల తుడుచుకోవచ్చు. అదీ రాశాను.

ఫిబ్రవరి 19

రిపోర్టు అయిపోయింది. ఒకటిన్నర పేజీ. మొదటి భాగం ఇక్కడ ఎక్కించుకుంటున్నాను, నాకోసం.

"పాత కాలనీలో అరవై ఇళ్ళు ఉన్నాయి. పొద్దున కుళాయి తిప్పగానే వచ్చే మొదటి నీళ్ళు పరీక్షిస్తే, పదిహేడు ఇళ్ళలో సీసం పరిమితి దాటింది. నవంబరులో మేము ఈ నీళ్ళు మంచివని చెప్పాం. అది తప్పు. అప్పుడు నలభై ఒక్క ఇళ్ళలో నీళ్ళు పట్టింది నేను. మొదటి నీళ్ళు పారబోసి, తర్వాత వచ్చినవి పట్టాను. ఈ పొరపాటును మాకు చూపించింది ఆ కాలనీలో ఉండే ఒక తల్లి."

డైరెక్టరు గారు 'నేను' దగ్గర పెన్ను ఆపారు. కొట్టేస్తారనుకున్నాను. పేజీ తిప్పేశారు.

ఫిబ్రవరి 28

మీటింగు. నేనే చదివాను. నిలబడి చదివాను, మోకాలు సహకరించింది.

 అయ్యాక చివర కూర్చున్న ఇంజినీరు ఒకాయన, ఎవరూ అడక్కుండానే, "అంటే ముందు ఆ పదిహేడిళ్ళ గొట్టాలు, తర్వాత మిగతా నలభై మూడు. ఈలోపు జనానికి మీ కాగితం పంచాలి. అంతే కదా?" అన్నాడు. పిల్లకాకి బల్ల కింద నా చేయి నొక్కింది. ఈ ఏడే మారుస్తారు. మార్చి మొదటివారంలో పని మొదలు.

మెమో కూడా ఇవాళే చేతికొచ్చింది. 'నిర్దేశిత విధివిధానముల యెడల ఉపేక్ష వహించినట్లు పరిగణించడమైనది' అట. పిల్లకాకి నా చేతిలోంచి లాక్కుని ఎర్ర పెన్నుతో దిద్దింది: "మీరు సూచనలు చదవకుండా సంతకం పెట్టారు." ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. దిద్దిన కాపీనే బీరువాలో దాచుకున్నాను.

మార్చి 6

ఇవాళ రాయడానికి విశేషమేమీ లేదు. కిటికీ పక్క బల్ల నాది అయిపోయింది. పొద్దున ఈత కొలనులో క్లోరిన్ మీద ఒక పేజీ, మధ్యాహ్నం కొత్తగా చేరినవాళ్ళకి సూచనల కాగితం. లోహాల విభాగం పాత కాగితం కూడా నాకే ఇచ్చారు తిరగరాయమని. పద్నాలుగో వరుసని మొదటి వరుస చేశాను. ఎవరైనా రాసింది తెస్తే, "ఇందులో గెలిచిందెవరు?" అని అడుగుతున్నానని పొడుగాయన వెక్కిరిస్తున్నాడు. ఆరునెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు, నాకు రెండు నెలలే పట్టింది.

పిల్లకాకి పేరు మార్చాలి. ఏం పెట్టాలో ఇంకా తోచలేదు.

నడుచుకుంటూ ఇంటికొచ్చాను. సంతోషంగా ఉంది. రాయడానికి వేరే మాట వెతికాను గానీ, ఇదే సరిపోతుంది.

మార్చి 12

పదకొండు గంటలకి టైలరమ్మ ల్యాబుకి వచ్చింది. చంకలో పాప, చేతిలో ఆసుపత్రి కాగితం. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీ మీద నా కోపం పోలేదు. ముందే చెబుతున్నా."

"పోనక్కర్లేదమ్మా."

"పాపకి రక్తం పరీక్ష చేయించాం. సీసం ఎంతుందో దీంట్లో ఉందట. డాక్టరు గారు పర్వాలేదు, మళ్ళీ రండి అని పంపేశారు. పర్వాలేదంటే ఏమిటో చెప్పలేదు. మా ఆయన రోజూ అడుగుతున్నాడు, నాకేమో చెప్పడం రావటం లేదు. మీరైతే తెలిసేట్టు రాస్తారు, అందుకొచ్చాను."

కాగితం చూశాను. నేను నీళ్ళు చదవగలను, రక్తం నా పని కాదు. ఆ మాటే చెప్పి, ఆవిడ ఒప్పుకున్నాక, వరండాలోకి వెళ్ళి ఆసుపత్రికి ఫోన్ చేశాను. డాక్టరు దొరికేదాకా నాలుగుసార్లు చేశాను. అడగాల్సినవన్నీ అడిగి, ఆయన చెప్పింది అక్కడే రాసుకుని, మళ్ళీ ఆయనకే చదివి వినిపించి సరేననిపించుకున్నాను.

"పాప రక్తంలో సీసం 6 ఉంది. 5 దాటితే కనిపెట్టి ఉండాలి. మందు ఇవ్వాల్సినంత లేదు. సీసం లోపలికి పోవడం ఆగింది కాబట్టి ఇది తగ్గాలి. మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష చేయించాలి. ఈలోపు పాప సరిగ్గా పాలు తాగకపోయినా, మందకొడిగా ఉన్నా వెంటనే తీసుకెళ్ళాలి."

ఆవిడ చదివి, అడక్కుండానే తిరిగి చెప్పింది. "ఉండాల్సినదానికన్నా కొంచెం ఎక్కువుంది. ఇప్పుడు మందు వద్దు. తగ్గాలి. మూడు నెలలకి చూడాలి." ఒక్క ముక్క తేడా లేదు. నేను ఊపిరి పీల్చుకునేలోపే అడిగింది.

"దీనివల్ల పాప ఎదుగుదలకి ఏమన్నా అవుతుందా?"

డాక్టరుని నేను అడిగిన ఆఖరి ప్రశ్న అదే. ఆయన చెప్పిన జవాబు నేను కాగితం మీద పెట్టలేదు. పెట్టకపోవడానికి నాకు నేను చెప్పుకున్న కారణం, ఆవిడ భయపడుతుందని.

"తెలియదమ్మా. ఏమీ కాకపోవచ్చు. కానీ ఇంత కొంచెం సీసంతో ఒక్క పాపకి ఏమవుతుందో, ఏమీ కాదో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరట. డాక్టరుకీ తెలియదు, నాకూ తెలియదు."

పాప నా బల్ల మీది పెన్నుల డబ్బా అందుకోబోయింది. ఆవిడ పాప చేయి పట్టుకుని వెనక్కి లాగింది, ఆ చేయి అలాగే తన గుప్పిట్లో పెట్టుకుంది.  తర్వాత కాగితాన్ని బల్ల మీద పెట్టి నా వైపు జరిపింది.

"ఆ మాట కూడా రాయండి. మా ఆయన మొదట అడిగేది అదే."

రాశాను. ఆవిడ నిలబడే ఆ వాక్యం రెండుసార్లు చదువుకుని, కాగితం మడిచి పాప పాలబాటిల్ సంచిలో పెట్టుకుంది.